ఎదురు కుర్చీ చదువు

ఆ ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు భోజనాల బల్ల దగ్గర హాజరైనవారు, వచ్చిన వరుసలో: మొదట దస్తూరిగారు, తరువాత కాఫీ గ్లాసులతో ఆయన భార్య, ఆ వెనుక, ఒక జడ పూర్తయి రెండో జడ తల్లి చేతిలో చిక్కుకుని ఉన్న అయిదేళ్ల మనుమరాలు, ఆ జడను పట్టుకుని కోడలు, చిట్టచివర, నోట్లో బ్రష్షుతో, కొడుకు. దస్తూరిగారు గడియారం చూసుకున్నారు. పది నిమిషాలు ఆలస్యమైనప్పటికీ అందరూ వచ్చారు కనుక సభ ప్రారంభమైనట్టే భావించవచ్చునని ప్రకటించారు.

దస్తూరి అన్నది ఆయన పేరు కాదు, ఆయన చేతిరాత సంపాదించి పెట్టిన బిరుదు. ముప్ఫై నాలుగేళ్లు ఆయన ఒక పెద్ద కార్యాలయంలో విచారణాధికారిగా పనిచేశారు. తప్పుచేసిన ఉద్యోగుల మీద ఆయన రాసిన ఉత్తర్వులు ముత్యాలు పేర్చినట్టు ఉండేవి. ఉద్యోగం ఊడినవాళ్లు కూడా ఆ కాగితానికి అద్దం కట్టించుకున్నారని కింది గుమాస్తాలు చెప్పుకునేవారు. ఆ మాటలో వేళాకోళం ఉందేమోనన్న అనుమానం ఆయనకు ఒక్కనాడూ కలగలేదు.

"ఇవాళ్టి నుంచి పాప చేతిరాత బాధ్యత నేను తీసుకుంటున్నాను," అన్నారు.

కొడుకు నోట్లో బ్రష్షు ఆగిపోయింది.

పాపది ఎడమచేతివాటం. అది కాక మరే లోపమూ లేదని కోడలు అనేది. అది లోపమే కాదని కొడుకు అనేవాడు. అయితే రాసేటప్పుడు ఆ చేయి అప్పుడే రాసిన అక్షరాల మీదుగా పాక్కుంటూ పోయేది. పేజీ పూర్తయ్యేసరికి అక్షరాలు అలుక్కుపోయి, చిటికెన వేలి నుంచి మణికట్టు దాకా బొగ్గుల కొట్లో పనిచేసి వచ్చినట్టు నల్లబడేది. ఆ చేత్తోనే ముక్కు తుడుచుకునేది. ఫలితం ముఖాన కనిపించేది.

"దాన్ని కుడిచేత్తో రాయమని సతాయించరు కదా?" అన్నది భార్య.

"నేను చదువుకున్నవాణ్ణి," అన్నారు దస్తూరిగారు. "ఎడమచేయి ఎడమచేయిగానే ఉంటుంది. పద్ధతి మారుతుంది. బడివాళ్లు పంపిన కరపత్రం క్షుణ్ణంగా చదివాను. కుడిచేతివాటం వాళ్లు ఎడమచేతివాటం పిల్లలకి ఏదైనా నేర్పాలంటే ఎదురుగా కూర్చోవాలి. అప్పుడు పిల్లకి మనం అద్దంలో బొమ్మలా కనిపిస్తాం. నా కుడిచేయి ఎటు కదిలితే దాని ఎడమచేయి అటు కదులుతుంది. శాస్త్రీయం."

"మామయ్యగారూ, దానికి రెండో కాగితం కూడా ఉందండీ. మీ కళ్లజోడు పెట్టె కింద ఉంది," అన్నది కోడలు జడలోంచి తల ఎత్తకుండా.

"మొదటి పేజీలో విషయం ఉంటుందమ్మా, రెండో పేజీలో దాని విస్తరణ ఉంటుంది. నా ఉద్యోగ జీవితంలో రెండో పేజీ చదవవలసిన అవసరం ఎన్నడూ కలగలేదు."

మొదటి పేజీ బూట్ల తాళ్లు ముడివేయడం గురించి. రెండో పేజీ రాత గురించి. ఆ రెండో పేజీ కళ్లజోడు పెట్టె కింద భద్రంగా ఉండిపోయింది.

ఆ సాయంకాలమే పాఠం మొదలైంది. దస్తూరిగారు బల్లకు ఒకవైపు, పాప రెండోవైపు కూర్చున్నారు. పాప కుర్చీ మీద రెండు దిండ్లు వేయవలసి వచ్చింది. ఆయన తన కాగితం మీద 'అ' అక్షరాన్ని చెక్కినంత శ్రద్ధగా రాసి, రాయమన్నారు. పాప నాలుక బయటపెట్టి, తన కాగితం మీద 'అ' రాసింది. బల్లకు అవతల నుంచి చూసిన దస్తూరిగారికి అది కాళ్లు పైకెత్తుకుని పడుకున్నట్టు కనిపించింది. ఆదిలోనే హంసపాదు అనుకున్నారు గాని, కోపగించలేదు. పిల్లలకు నేర్పడంలో ఓర్పు ముఖ్యమని మొదటి పేజీలోనే ఉంది.

"తలకిందులైంది తల్లీ. మళ్లీ రాయి. తాతయ్యకి సరిగ్గా కనిపించాలి."

పాప తన అక్షరాన్ని చూసుకుంది. తాతయ్యను చూసింది. మళ్లీ అక్షరాన్ని చూసుకుంది. "తాతయ్యకి కనిపించాలా?" అని అడిగింది.

"అవును. నాకు కనిపించినట్టు."

పాప ఇంకాస్త ఆలోచించి, పెన్సిలును కాగితం కుడి అంచుకు తీసుకుపోయి, అక్కడి నుంచి ఎడమకు లాగుతూ మరో 'అ' రాసింది. ఈసారి దస్తూరిగారికి అది నిలువుగా, నిండుగా, తన చేతిరాతకు వారసురాలిలా కనిపించింది. కళ్లు చెమర్చినంత పనయింది.

నాలుగు రోజుల్లో మరో అద్భుతం జరిగింది. అలుకుడు మాయమైంది. చేయి రాసినదాని మీద పాకడం మానేసి, రాసినదానికి దూరంగా జరగడం నేర్చుకుంది. అరచేతి అంచు తెల్లగా మెరిసింది. ఆ చేతిని ఆయన ఇంటిల్లిపాదికీ ఎత్తి చూపించారు. ఇస్త్రీ బట్టలు తెచ్చినవాడికి కూడా చూపించారు. వారం తిరిగేసరికి పాప వాక్యాలు రాస్తోంది. ఆయన తన కుర్చీలో కూర్చుని, మెడ కూడా తిప్పకుండా, వాటిని హాయిగా చదువుకునేవారు.

ఒకనాడు వంటగది వైపు నుంచి వస్తూ భార్య పాప భుజం మీదుగా తొంగిచూసింది. "ఏమండీ, ఇటు నుంచి చూస్తే ఇదేమిటో—"

"ఇటు వచ్చి చూడు."

ఆవిడ చుట్టూ తిరిగి ఆయన కుర్చీ వెనక్కు వెళ్లి చూసింది. "ఇటు నుంచి బాగానే ఉంది," అని ఒప్పుకుని, పొయ్యి మీద పాలు గుర్తొచ్చి వెళ్లిపోయింది.

ఎనిమిదో రోజున బడి నుంచి నోటు పుస్తకంలో ఒక చీటీ వచ్చింది. ఆ తరగతి టీచరు కొత్తమ్మాయి, ఇంకా తాత్కాలిక నియామకం మీదే ఉన్నది. సంవత్సరం చివర కమిటీ ఒప్పుకుంటేనే ఉద్యోగం నిలుస్తుంది. చీటీలో ఇలా ఉంది: పాప అక్షరాలన్నీ తలకిందులుగా, కుడి నుంచి ఎడమకు రాస్తోంది. ఇంట్లోవారు ఒకరు వీలు చూసుకుని రాగలరా? కలిసి మాట్లాడుకుందాం.

దస్తూరిగారు నోటు పుస్తకం తెరిచారు. నిజమే. అక్షరాలన్నీ శీర్షాసనం వేసి ఉన్నాయి. ఆయన ముఖం కందగడ్డలా మారింది.

"ఇంట్లో ముత్యాలు, బడిలో ముళ్లు. ఏం చేసిందీ అమ్మాయి నా పిల్లని?"

"ఒకసారి వెళ్లి మాట్లాడితే పోయె కదా నాన్నా," అన్నాడు కొడుకు.

"నిరూపణ లేకుండా నేను మాట్లాడను. పాపా, ఇలా రా, కూర్చో."

పాప తన దిండ్ల మీద ఎక్కింది. దస్తూరిగారు ఎదురుగా కూర్చున్నారు. నిరూపణ చూడవలసిన కొడుకు, కోడలు సహజంగానే పెద్దాయన వెనుక నిలబడ్డారు. పాప ఒక్క తప్పు లేకుండా నాలుగు వరుసలు రాసింది. కొడుకు తల గోక్కున్నాడు.

"చూశారు కదా," అన్నారు దస్తూరిగారు, కలం మూత తీస్తూ.

ఫిర్యాదు నాలుగు పేజీలు వచ్చింది. అందులో మూడో పేజీని ఆయన తనకు తానే రెండుసార్లు చదివి వినిపించుకున్నారు. 'లేత మొక్కను వేళ్లు పైకి, ఆకులు కిందికి పెట్టి నాటిన తోటమాలిని ఏమందుము? ఇటువంటివారు పసిపిల్లల గదికి అర్హులు కారు' అన్న వాక్యం దగ్గర ఆగి, తనకు తానే తల ఊపారు.

ఆ బడి కమిటీ కార్యదర్శి ఒకప్పుడు దస్తూరిగారి కింద గుమాస్తా. ఆయన చేతనే రెండుసార్లు మందలింపు ఉత్తర్వులు అందుకున్నవాడు. ఆ దస్తూరి చూడగానే అతడికి పాత భయం తిరిగివచ్చింది. భయంలో మనిషి అతిగా పనిచేస్తాడు. అతడు ఫిర్యాదు నకళ్లు తీయించి కమిటీలో అందరికీ పంచాడు.

గోరంతది కొండంత కావడానికి ఆ వారమే ముహూర్తం కుదిరింది. తరగతిలో ఎడమచేతివాటం పిల్లలు మొత్తం నలుగురు. కుడిచేతి పిల్లల మోచేతులతో ఢీకొనకుండా టీచరు వాళ్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. చేయి నల్లబడకుండా రాసే విద్య తనకు తెలిసినప్పుడు మిగతా ముగ్గురి చేతులూ నల్లగా ఉండటం పాపకు నచ్చలేదు. విరామ సమయంలో వాళ్లకు తాతయ్య పద్ధతి నేర్పింది. నాలుగు రోజుల్లో ఎడమ బల్లంతా తలకిందులైంది.

ఇక ఆ మూడు ఇళ్లలో గగ్గోలు పుట్టింది. బేకరీ నడిపే తండ్రి, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదని నిర్ధారించాడు. మరొక పిల్లవాడి తల్లి ఆసుపత్రిలో నర్సు. రాత అంటుకోదని ఆవిడ అందరికీ నచ్చజెప్పింది గాని, ఇంట్లో పిల్లవాడి తువ్వాలు మాత్రం వేరుచేసింది. మూడో ఇంటివాళ్లు పిల్లను బల్ల మార్పించాలని ఉత్తరం రాశారు. నలుగురికీ కంటి పరీక్షలు చేయించాలని కార్యదర్శి సర్క్యులర్ పంపాడు. విచారణ జరిగి తీరాలని తల్లిదండ్రులు పట్టుబట్టారు. విచారణ చేసిన అనుభవం ఊళ్లో ఒక్కరికే ఉన్నది గనుక, అధ్యక్షత వహించవలసిందిగా కార్యదర్శి దస్తూరిగారినే వేడుకున్నాడు.

"మామయ్యగారూ, ఫిర్యాదు మీదే, విచారణా మీరే అంటే బాగుంటుందాండీ?" అన్నది కోడలు.

"విచారణ పీఠం మీద కూర్చున్నవాడికి మనుమలు ఉండరమ్మా."

"ఇంట్లో మాత్రం ఉన్నారు," అన్నది భార్య. "రేపు విచారణట, ఇవాళ కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. వీళ్లిద్దరికీ ఆఫీసు. పీఠం దిగి మీరే తీసుకెళ్లండి."

కంటి వైద్యుడి గది ఇరుకైనది. ఆయన బల్లకు అవతల కూర్చున్నాడు. ఇవతల రెండు కుర్చీలు పక్కపక్కనే ఉన్నాయి. ఒక దానిలో పాప, రెండో దానిలో దస్తూరిగారు. పాప గోడ మీది పటంలో అన్ని వరుసలూ చదివింది. అచ్చువేసినవారి చిరునామా కూడా చదివింది. వైద్యుడు దీపం వేసి చూశాడు, ఆర్పి చూశాడు. చివరకు ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి, "నీకు ఇష్టమైంది ఏదైనా రాయమ్మా," అన్నాడు.

పాప వైద్యుడి వైపు ఒకసారి చూసి, రాసింది. వైద్యుడు తన కుర్చీలోంచే చదివాడు. "నాకు పిల్లులంటే ఇష్టం. చక్కగా ఉందే. దీనికి ఇబ్బంది ఏమిటండీ?"

దస్తూరిగారు కాగితం వైపు చూశారు. ఇన్నాళ్లలో ఆయన పాప పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. ఆయన కళ్ల ముందు పిల్లులన్నీ తలకిందులుగా వేలాడుతున్నాయి. ఆయన కుర్చీలోంచి సగం లేచి, మెడ చాచి, వైద్యుడి వైపు నుంచి చూశారు. ముత్యాలు. మళ్లీ కూర్చుని చూశారు. గబ్బిలాలు.

ఆయన రెండోసారి లేచి కూర్చునేసరికి వైద్యుడికి విషయం అర్థమైంది. కాగితాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి నవ్వడం మొదలుపెట్టాడు.

"కళ్లు వజ్రాల్లా ఉన్నాయండీ. ఎవరో బల్లకి అవతల కూర్చుని నేర్పారంతే. పిల్ల అవతలివాడికి కనిపించేట్టు రాస్తోంది. ఎవరండీ ఆ మహానుభావుడు? ఒకసారి చూడాలనుంది."

ముప్ఫై నాలుగేళ్లలో ఎందరినో దస్తూరిగారు సూటిగా ప్రశ్నలు అడిగారు. సూటి ప్రశ్నకు మనిషి ఎందుకు తడబడతాడో ఆయనకు అప్పటిదాకా తెలియలేదు.

"బళ్లో... ఎవరో అయి ఉంటారు," అన్నారు.

పాప తల ఎత్తి తాతయ్య వంక చూసింది. తిరిగి వస్తుంటే ఆయన వేలు పట్టుకుని నడుస్తూ, "డాక్టరుగారికి సరిగ్గా కనిపించింది కదా తాతయ్యా," అన్నది. దస్తూరిగారికి ఆ మాట వినిపించలేదు. వేళ్లు పైకి పెట్టి మొక్క నాటిన తోటమాలి ఎవరో ఆయనకు తెలిసిపోయింది. అది తప్ప మరేదీ ఆయన తలలో లేదు.

పాపను ఇంట్లో దింపి తిన్నగా బడికి వెళ్లారు. ఫిర్యాదు వెనక్కు తీసుకుందామని ఆలోచన. కారణం చెప్పనక్కరలేదు, ఆరోగ్యం బాగాలేదంటే చాలు. కార్యదర్శి లేచి నిలబడ్డాడు.

"వెనక్కి ఎలా ఇస్తాను సార్? కమిటీవాళ్లకే కాదు, ఆ మూడిళ్లకీ నకళ్లు పంపాను. మూడో పేజీ చదివి మా ఆవిడ కన్నీళ్లు పెట్టుకుంది. తోటమాలి మాట బేకరీ ఆయనకి కంఠతా వచ్చేసింది. మీలాంటివాళ్లు రాయడమే అరుదు సార్."

బయటకు వస్తుంటే గేటు దగ్గర టీచరు ఎదురైంది. సైకిలు పక్కన నిలబడి ఉంది. జాకెట్టు చేతి మీద సుద్దపొడి ఉంది. నాలుగు రోజులుగా సరిగా నిద్రపోని ముఖం.

"సార్, పాప గురించి ఒక్క మాట. మీరు అనుకుంటున్నట్టు—"

"రేపు విచారణ. విచారణలో ఉన్న విషయం ఇప్పుడు మాట్లాడకూడదు," అన్నారు దస్తూరిగారు, నేల చూస్తూ.

నిబంధన సరైనదే. దాన్ని ఆయన వందసార్లు చెప్పి ఉంటారు. కాని నిబంధన వెనుక దాక్కోవడం అదే మొదటిసారి. అలా దాక్కున్నవాళ్ల ముఖాలు ఎలా ఉంటాయో ఆయనకు బాగా తెలుసు కనుక, ఇంటికి వెళ్లాక అద్దం వైపు చూడలేదు. కళ్లజోడు పెట్టె ఎత్తి రెండో కాగితం చూశారు. మొదటి వాక్యమే ఇలా ఉంది: రాత విషయంలో మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, పక్కన కూర్చొనవలెను.

"ఏమండీ, అలా ఉన్నారేం? తేలు కుట్టిన..." అని భార్య సామెతను సగంలో ఆపేసింది.

మిగతా సగం ఆయనకు తెలుసు.

మర్నాడు పది గంటలకు విచారణ ఆ తరగతి గదిలోనే జరిగింది. ఆదివారం కావడంతో గది ఖాళీగా ఉంది, కుర్చీలన్నీ పిల్లలవే. బేకరీ ఆయన రెండు కుర్చీలు కలుపుకుని కూర్చున్నాడు. నర్సు, మూడో ఇంటి తండ్రి, కార్యదర్శి మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. టీచరు ఒక్కతే చివర, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది. గది వెనుక ఎడమ బల్ల దగ్గర నలుగురు పిల్లలూ రంగులు వేసుకుంటున్నారు.

దస్తూరిగారి జేబులో ముందే రాసి ఉంచుకున్న ఒక తీర్మానం ఉంది. సాక్ష్యాధారాలు చాలనందున విచారణ ముగించడమైనది. ఒకే వాక్యం; టీచరు ఉద్యోగం నిలుస్తుంది, తన పరువూ నిలుస్తుంది. పాము చావకుండా, కర్ర విరగకుండా. ఆయన దాన్ని చదివారు.

"ముగించడమంటే ఏంటండీ?" అన్నాడు బేకరీ ఆయన. "మావాడు నిన్న కేకు పెట్టె మీద మా షాపు పేరు తలకిందులుగా రాశాడు. అది ముగిసినట్టా?"

"మా వాడు మందుల చీటీ కూడా తలకిందులుగా రాశాడు," అన్నది నర్సు. "మా డాక్టరు రాసేదానికంటే బాగానే ఉంది, అది వేరే విషయం."

"సాక్ష్యం చాలకపోవడమేంటి సార్?" అన్నాడు కార్యదర్శి వినయంగా. "మీ ఫిర్యాదే సాక్ష్యం. ఇటువంటివారు పసిపిల్లల గదికి అర్హులు కారు అని మీరే రాశారు. ఆ మాటే తీర్మానం చేద్దాం. ఈ నెలాఖరుతో టీచరుగారిని పంపించేద్దాం. అందరికీ సమ్మతమేనా?"

మూడు చేతులు లేచాయి. కార్యదర్శి తెల్లకాగితం దస్తూరిగారి ముందుకు జరిపాడు. "మీ దస్తూరిలోనే ఉండాలి సార్."

దస్తూరిగారు కలం తెరిచారు. 'తీర్మానించడమైనది' అని రాశారు. ఆ మాట ఎన్ని వేలసార్లు రాశారో ఆయనకే లెక్క తెలియదు. ఈసారి కలం అక్కడే ఆగింది. తల ఎత్తి చూస్తే టీచరు ఆయన ముఖం వైపు చూడటం లేదు. కాగితం మీది ఆయన చేతిని చూస్తోంది. శిక్ష పడేవాళ్లంతా అలాగే చేతిని చూసేవారని ఆయనకు హఠాత్తుగా గుర్తొచ్చింది. వాళ్లలో ఎందరి విషయంలో తాను రెండో పేజీ చదివారు?

ఆయన కలం కింద పెట్టి లేచి నిలబడ్డారు. పిల్లల కుర్చీ కనుక లేవడానికి కొంత సమయం పట్టింది.

"ఈ విచారణలో ఒక సాక్షిని పిలవలేదు," అన్నారు. "ఆ సాక్షి అధ్యక్షుడే. పాపకి తలకిందులుగా రాయడం నేర్పింది ఈ అమ్మాయి కాదు. నేను. బల్లకి అవతల కూర్చుని, నాకు కనిపించేట్టు రాయమన్నాను. పదిహేను రోజులు నా కుర్చీలోంచి నేను లేవలేదు. నిన్న డాక్టరుగారి దగ్గర తెలిసింది. అక్కడ అబద్ధం చెప్పాను. ఇక్కడ ఇప్పుడు ఇంకొకటి చెప్పబోయాను."

కార్యదర్శి తన పాత అధికారి ముఖం వైపు చూడలేక గోడ మీది అక్షరమాలను చూశాడు.

"అంటే," అన్నాడు బేకరీ ఆయన నెమ్మదిగా, "జబ్బు మీ ఇంటి నుంచే వచ్చిందన్నమాట."

"అవును."

"మరి పిల్లలు పాడైపోయినట్టేనా?" అన్నది నర్సు.

అప్పుడు టీచరు మొదటిసారి నోరు విప్పింది. "పాడవలేదండీ. నాకు చీటీ పంపిన రెండో రోజే తెలిసింది. ఇంటి నుంచి ఎవరూ రాలేదు. సరేనని మర్నాడు పాప పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కాగితం కొంచెం కుడికి వాల్చాను, పెన్సిలు మొన కనిపించేలా కాస్త పైకి పట్టుకోమన్నాను. చేయి గీత కింద ఉంచమన్నాను. మామూలుగానే రాసింది, అలుక్కోకుండా. పాపా, ఒకసారి ఇలా రామ్మా."

పాప వచ్చింది. టీచరు పక్కన చిన్న కుర్చీలో కూర్చుంది. పిల్లులంటే ఇష్టమని మళ్లీ రాసింది. అందరూ వంగి చూశారు. పిల్లులన్నీ నేల మీద నాలుగు కాళ్లతో నిలబడి ఉన్నాయి.

"మరి నిన్న డాక్టరుగారి దగ్గర అలా రాశావేం తల్లీ?" అన్నారు దస్తూరిగారు.

"ఆయన అటు కూర్చున్నారు కదా," అన్నది పాప. "చదివేవాళ్లు ఎటుంటే అటు రాయాలి. మీరే కదా చెప్పారు, తాతయ్యకి సరిగ్గా కనిపించాలని. ఇటు రాస్తే మీకు మెడ నొప్పి."

"నీకు రెండు వైపులా వచ్చా?"

"మా బల్లలో అందరికీ వచ్చు."

బేకరీ ఆయన తన కొడుకు వైపు తిరిగాడు. "మరి ఆ కేకు పెట్టె మీద అలా రాశావేంరా?"

"నువ్వు చదవడానికి కాదు నాన్నా. కౌంటరుకి అటువైపు కొనేవాళ్లు చదవడానికి," అన్నాడు వాడు రంగు వేయడం ఆపకుండా.

బేకరీ ఆయన ఇంకా ఎత్తి ఉంచిన చేతిని దింపాడు. మిగతా రెండు చేతులు అప్పటికే దిగి ఉన్నాయి.

"ఇదంతా ముందే చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు కార్యదర్శి నొచ్చుకుంటూ.

"చెప్పడానికి నాలుగుసార్లు వచ్చానండీ. మూడుసార్లు మీరు రాతపూర్వకంగా ఇమ్మన్నారు. నాలుగోసారి సార్ విచారణలోనే మాట్లాడాలన్నారు. విచారణలో ఇప్పటిదాకా నన్నెవరూ ఏమీ అడగలేదు."

దస్తూరిగారు నిలబడే ఉన్నారు. మనుమరాలికి తాను చేశాననుకున్న కీడు కీడు కాదని తెలిసి గుండె తేలికపడవలసింది. కాని పదిహేను రోజులుగా అయిదేళ్ల పిల్ల తన మెడ నొప్పి చూసి మర్యాద చేస్తూ ఉంటే, తాను ఆ మర్యాదను తన బోధనా ప్రతిభగా భావించి ఇస్త్రీవాడికి సైతం చూపించిన సంగతి ఆయనకు గుర్తొచ్చింది. నిన్న కంటి వైద్యుడి గదిలో ఆ పిల్ల తల ఎత్తి చూసిన చూపు అంతకంటే ఎక్కువ గుర్తొచ్చింది.

"అమ్మా, తప్పు చేశాను," అన్నారు టీచరుతో. "క్షమించమని అడిగే అర్హత ఉందో లేదో తెలియదు. అడుగుతున్నాను."

"కూర్చోండి సార్," అన్నది టీచరు. పాపకు రెండోవైపు ఖాళీగా ఉన్న చిన్న కుర్చీ చూపించింది. "ఇక్కడ కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. తాను మొదలుపెట్టిన ఒక్క మాటను కొట్టేయకుండా, ఆ కాగితం మీదే, విచారణ సంఘం తరఫున ఈ విధంగా పూర్తి చేశారు:

'తీర్మానించడమైనది. అధ్యక్షుని ఫిర్యాదు పూర్తిగా నిరాధారం. ఈ తరగతి ఉపాధ్యాయిని కొనసాగవలెను. ఒక ఎడమచేతి పిల్ల ఎందుకు అలా రాస్తున్నదో తెలుసుకొనుటకు కుర్చీ వేసుకొని ఆమె పక్కన కూర్చున్నవారు ఈ బడిలోను, ఆ పిల్ల ఇంటిలోను ఈ ఉపాధ్యాయిని ఒక్కరే. ఆ పనిని ఈ సంఘం గుర్తించి, కృతజ్ఞతతో నమోదు చేయుచున్నది.'

ఆయన రాయగా ఆమోదం పొందిన తీర్మానాలన్నిటిలోకీ ఇదే పొట్టిది. సవరణలు ఎవరూ ప్రతిపాదించలేదు.